ఒకే టిక్కు

మా అమ్మకి కొత్త ఫోన్ కొన్నది నేనే. సెకండియర్ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చేస్తే వచ్చిన స్టైపెండ్‌తో కొన్నా. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగిందాంట్లో నా గర్వం పాత్ర కాస్త ఎక్కువుంది. కంపెనీ పేరు మాత్రం చెప్పను. అసలు తప్పు ఎవరిదో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మా ఇల్లు మాణికేశ్వర్ నగర్‌లో. ఆటోవాళ్ళకి ఆ పేరు చెప్తే ఒక్క క్షణం ఆలోచిస్తారు, వడ్డెర బస్తీ అంటే వెంటనే తలూపుతారు. ఒకపక్క ఉస్మానియా క్యాంపస్, ఇంకోపక్క తార్నాక. క్యాంపస్‌లో చెట్లు, ఖాళీ రోడ్లు, పొద్దున్నే వాకింగ్‌కి వచ్చే జనం. గోడ దాటి మా వైపుకొస్తే రెండు బైకులు ఎదురెదురుగా వస్తే ఒకటి ఆగాల్సిన గల్లీలు. ఆ గల్లీల్లో గది అద్దెకు తీసుకుని గ్రూప్స్‌కి, ఎస్సై పోస్టులకి, డీఎస్సీకి చదువుకునే అన్నలు, అక్కలు చాలామంది. పొద్దున సంచిలో పుస్తకాలు, నీళ్ళ సీసా పెట్టుకుని క్యాంపస్‌లోకి నడిచి వెళ్తారు, చీకటి పడ్డాక తిరిగొస్తారు. ఒక గదిలో నలుగురుంటే అన్నం వాళ్ళే రైస్ కుక్కర్‌లో వండుకుంటారు. కూర మాత్రం కొనుక్కుంటారు.

ఆ కూర అమ్మేవాళ్ళలో మా అమ్మ ఒకరు.

ఇంటి ముందు గదే కర్రీ పాయింట్. పప్పు, ఆలుగడ్డ వేపుడు, టమాట చారు రోజూ ఉంటాయి. మిగతాది ఆ రోజు తార్నాక రైతుల దగ్గర ఏం చవకగా దొరికితే అది. ఆదివారం బగారన్నం, చికెన్. మొదట్లో గిరాకీ అంతా గుమ్మం దగ్గరకొచ్చేదే. కరోనా తర్వాత అన్నలే అమ్మకి వాట్సాప్ అలవాటు చేశారు. "అక్కా, రెండు పప్పు, ఒక ఫ్రై పక్కన పెట్టు" అని మెసేజ్ పెడితే, ఫోన్ టింగుమంటే, అమ్మ చెయ్యి తుడుచుకుని చూసి పక్కన పెట్టేది. ఏడో తరగతి దాకా చదువుకుంది, తెలుగు నెమ్మదిగా చదువుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే చదవలేక వాళ్ళకే ఫోన్ చేసి అడిగేది. దాంతో వాళ్ళు కూడా వాయిస్ మెసేజ్‌లు పెట్టడం నేర్చుకున్నారు. అలా ఐదేళ్ళు నడిచిన పాత ఫోన్ ఒకరోజు చారు గిన్నెలో పడింది. తీసి, బియ్యంలో పెట్టి, ఎండలో పెట్టి చూశాం. లేవలేదు.

ఆ పాత ఫోన్‌లో ఉన్నది దాదాపు గూగుల్ ఇచ్చిన ఆండ్రాయిడే. కంపెనీ తన సొంత అలంకారం పెద్దగా ఏమీ చెయ్యలేదు. కొత్త ఫోన్ అలా కాదు.

మన మ్యాగజైన్ చదివేవాళ్ళకి ఇది తెలిసిందే అయినా రెండు ముక్కలు చెప్తా. ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్ చాలావరకు అపాచీ లైసెన్స్ కింద బయటే ఉంటుంది. ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు, మార్చింది తిరిగి బయటపెట్టాల్సిన పని కూడా లేదు. అందుకే 2009లోనే హెచ్‌టీసీ దాని మీద సెన్స్ అని ఒక చొక్కా తొడిగింది. శాంసంగ్ టచ్‌విజ్ అంది, అది అటు తిరిగి ఇటు తిరిగి 2018 చివర్లో వన్ యూఐ అయ్యింది. షావోమీ కథ ఇంకా చిత్రం. 2010 ఆగస్టులో ఎంఐయూఐ బయటికి వచ్చేనాటికి ఆ కంపెనీకి సొంత ఫోనే లేదు, తొలి ఫోన్ ఏడాది తర్వాత వచ్చింది. అంటే ముందు చొక్కా కుట్టి తర్వాత మనిషిని వెతుక్కున్నట్టు. 2023లో దాని పేరు హైపర్ఓఎస్‌గా మారింది. ఒప్పోకి కలర్ఓఎస్, వివోకి 2025 దాకా మన దగ్గర ఫన్‌టచ్, వన్‌ప్లస్‌కి ఆక్సిజన్, రియల్‌మీకి 2020 నుంచి రియల్‌మీ యూఐ. లోపల ఎముకలు అన్నిటివీ ఒకటే. పైన చర్మం, లోపల అలవాట్లు వేరు.

చర్మం సంగతి అందరికీ తెలుసు, అలవాట్ల సంగతే నాకు ఆలస్యంగా తెలిసింది.

ఫోన్ తెచ్చిన రోజు అమ్మ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. చెంగుతో పట్టుకుంది. "గింత నున్నగుంది, జారిపోతదేమోరా" అంది. నేను పెద్ద ఇంజనీర్‌లా కుర్చీ లాక్కుని కూర్చున్నా. మొదట ఈజీ మోడ్ పెట్టా. బొమ్మలన్నీ పెద్దపెద్దవై స్క్రీన్ మీద ఆరే మిగిలాయి. అమ్మ చూసి, "ఇదేందిరా, నేనేమన్న ముసల్దాన్ననుకుంటున్నవా?" అంది. ఆమెకి నలభై నాలుగు. తీసేశా.

తర్వాత భాష తెలుగులోకి మార్చా. నా లెక్కలో ఇది గొప్ప కానుక. 2014లో ఆండ్రాయిడ్ 5.0 లాలిపాప్ వచ్చినప్పుడే మెనూ భాషల జాబితాలో తెలుగు చేరింది. ఆ మరుసటి ఏడాది ఇండస్ ఓఎస్ అని మనవాళ్ళే మన భాషల కోసం ఒక ఆండ్రాయిడ్‌ని తయారుచేసి మైక్రోమాక్స్ ఫోన్లలో పెట్టారు. ఇంతమంది ఇంత కష్టపడి తెచ్చిన తెలుగు కదా, అమ్మ సంబరపడుతుందనుకున్నా. అమ్మ పైనుంచి తెర కిందికి లాగి, ఒక గుండ్రటి బొమ్మ కింద ఉన్నదాన్ని కూడబలుక్కుని చదివింది.

"అం-త-రా-యం క-లి-గిం-చ-వ-ద్దు." ఆగింది. "ఇది ఎవలకు చెప్తుందిరా, నాకా?"

"కాదమ్మా, అది నొక్కితే ఫోన్ మోగదు."

"మరి మోగదు అని రాస్తే అయిపోయె గద. పంతులు తిట్టినట్టు రాసిండు."

నిజమే. డు నాట్ డిస్టర్బ్‌ని తెలుగు చేసినవాళ్ళు తప్పు చెయ్యలేదు, ప్రతి అక్షరం సరిగ్గానే ఉంది. కానీ మా గల్లీలో ఎవరైనా ఎవరితోనైనా ఆ మాట అని ఉంటారని నేననుకోను. "సెట్టింగ్‌లు" వరకు అమ్మకి ఇబ్బంది లేదు. "అనుమతించు", "విస్మరించు", "పునఃప్రారంభించు" వస్తే మాత్రం ప్రతిసారీ నన్ను పిలిచేది. మూడో రోజుకి తనే అంది: "ఇంగ్లీషుల పెట్టెయ్ రా. అప్పుడు నేను సదువను, బొమ్మ చూస్త. ఇప్పుడేమో సదువాల్సొస్తుంది."

ఆ మాట నేను చాలాసేపు ఆలోచించా. హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ అని మనకో ఎలెక్టివ్ ఉంది కదా, అందులో ఇది ఏ యూనిట్లో వస్తుందో నాకు తెలీదు. పాత ఫోన్‌లో అమ్మ ఏదీ చదివేది కాదు. ఆకుపచ్చది కింద ఎడమ, డబ్బులది దాని పక్కన, ఫొటోలది పైన మూల. వంటింట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసి ఉండదు, చెయ్యి పోయే చోట ఉంటుంది, అంతే. కొత్త ఫోన్ ఆ చోట్లన్నీ మార్చేసింది. వాల్యూమ్ పట్టీ ఎడమ నుంచి కుడికి వచ్చింది. పై నుంచి లాగితే ఒకపక్క నోటిఫికేషన్లు, ఇంకోపక్క లాగితే స్విచ్‌లు. ఎటు లాగితే ఏం వస్తుందో నాకే వారం పట్టింది. లాక్ స్క్రీన్ మీద రోజుకో ఫొటో, దాని కింద ఏదో వార్త. "పొద్దుకో బొమ్మ మారుస్తున్నవెందుకురా, నిన్నటిది మంచిగుండె" అని నన్ను తిట్టింది. నేను మార్చలేదు, ఫోన్ తనకు తానే మార్చుకుంటుందంటే నమ్మలేదు. ఆటల యాప్‌లు కొన్ని ముందే ఉన్నాయి, ఇంకొన్ని ఇన్‌స్టాల్ చేసుకోమని నోటిఫికేషన్లు వచ్చేవి. ఒకసారి పొరపాటున నొక్కింది, ఏదో ఇన్‌స్టాల్ అయ్యింది. సాయంత్రం దాకా అమ్మ మనసులో పెట్టుకుని చివరికి మెల్లగా అడిగింది: "దానికి పైసలు కట్ అయినయా బిడ్డా?"

ఆ రాత్రి నేను లాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి పనిలో దిగా. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకోవడం, యూఎస్‌బీ డీబగ్గింగ్, ఏడీబీలో ఒక్కో ప్యాకేజీని తీసిపారెయ్యడం, ఇదంతా హాస్టల్ ఫ్రెండ్స్‌కి చాలామందికి చేసిపెట్టిన చెయ్యే. ఉత్సాహంలో థీమ్స్ యాప్ కూడా పీకేశా. తీరా చూస్తే వాల్‌పేపర్ మార్చే దారి దాంట్లోంచే ఉందట, అది కూడా పోయింది. అమ్మ తన ఫోన్ మీద పెట్టుకుందామనుకున్న యాదగిరిగుట్ట ఫొటో పెట్టలేక మళ్ళీ దాన్ని వెనక్కి తెచ్చా. సరే, ఇది చిన్న విషయం.

పెద్ద విషయం ఇంకొకటి. ఆ రాత్రే అమ్మకి నేనొక పాఠం చెప్పా.

"చూడమ్మా, పడుకునే ముందు ఇలా కింది నుంచి పైకి లాగి ఆపు. తెరిచిన యాప్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. కింద ఈ క్రాస్ గుర్తు నొక్కు. అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫోన్ ఫాస్ట్‌గా ఉంటుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది."

ఇది నాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, చిన్నప్పటి నుంచి అందరూ చేస్తుంటే చూసి నేర్చుకున్నా. మీలో సగం మంది ఈ వ్యాసం చదవడానికి ముందు కూడా ఒకసారి చేసే ఉంటారు.

అమ్మకి ఈ పాఠం మాత్రం మహా నచ్చింది. ఫోన్ గురించి నేను చెప్పినవాటిలో ఆమెకి వెంటనే అర్థమైంది ఇదొక్కటే. రాత్రి పదింటికి పొయ్యి కడిగి, గట్టు తుడిచి, గిన్నెలు బోర్లించి, ఆ తర్వాతే పడుకునే మనిషి. ఇప్పుడు ఆ వరుసలో ఫోన్ కూడా చేరింది. గట్టు తుడిచిన చేత్తోనే ఫోన్ తీసి, కింది నుంచి పైకి లాగి, క్రాస్ నొక్కి, "అయిపాయె" అని పక్కన పెట్టేది. ఒక్క రాత్రి కూడా తప్పలేదు.

పదిరోజులు గడిచాయి. "ఈ నడుమ మెసేజులు తక్కువొస్తున్నయ్ రా" అని అమ్మ ఒకట్రెండుసార్లు అంది. పరీక్షలు దగ్గర పడ్డాయి కదా, కొందరు ఊళ్ళకి పోయుంటారులే అన్నా. నేను ల్యాబ్ రికార్డుల గొడవలో ఉన్నా.

ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఒకన్న వచ్చాడు. మూడేళ్ళుగా మా దగ్గర కూర తీసుకుంటున్న అన్న. వెంట ఇద్దరు ఫ్రెండ్స్, చేతుల్లో పెద్ద సంచులు. వాళ్ళ రూమ్మేట్‌కి కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చింది, గల్లీలో చదువుకునేవాళ్ళందరికీ దావత్.

"అక్కా, ముప్పై రెండు కట్టినవా?"

అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "ఏం ముప్పై రెండు బిడ్డా?"

రాత్రి పదీ ఇరవైకి పెట్టాడట మెసేజ్. ముప్పై రెండు బగారన్నం, చికెన్. మనిషికి తొంభై రూపాయలు. అమ్మ ఆ రోజు వండింది మామూలు ఆదివారం గిరాకీకి సరిపడా, అందులో సగం అప్పటికే అయిపోయింది. అన్న తన ఫోన్ తీసి చూపించాడు. మెసేజ్ ఉంది. పక్కన ఒకే టిక్కు.

"ఒక్క టిక్కే ఉండె అక్కా. నీ నెట్ అయిపోయిందేమో, పొద్దుగాల ఎల్లే సరికి పోతదిలే అనుకున్న. నాదే తప్పు, ఫోన్ చెయ్యాల్సుండె."

అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. ఉన్న పన్నెండు ప్యాకెట్లు తీసుకుని, వాటికి డబ్బులిచ్చి, మిగతావాటికి హబ్సిగూడ వైపు హోటల్‌కి బైక్ మీద పరుగెత్తారు. అమ్మ గుమ్మంలో నిలబడి వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత లోపలికొచ్చి ఫోన్ తీసి వాట్సాప్ తెరిచింది. తెరవగానే టింగ్, టింగ్, టింగ్. ముప్పై రెండు ఆర్డర్ మెసేజ్, పొద్దున తొమ్మిదింటికి "అక్కా చూసినవా" అని ఇంకొకటి, వేరేవాళ్ళవి నాలుగు. అన్నీ ఒక్కసారే.

"నాకు రాదురా ఈ ఫోన్," అంది అమ్మ. "నేనేదో ఒత్తిన."

సాయంత్రం నేను ఆ ఫోన్ పట్టుకుని మేడ మీద కూర్చున్నా. వాట్సాప్ తెలిసినవాళ్ళకి ఒక టిక్కు అంటే పంపినవాడి ఫోన్ నుంచి సర్వర్‌కి వెళ్ళింది, అవతలి ఫోన్‌కి చేరలేదు అని. నెట్ ఉంది, వైఫై కాదు సిమ్ డేటా, రోజుకి ఒకటిన్నర జీబీ. అందులో పావు వంతు కూడా అమ్మ వాడదు. మరెందుకు చేరలేదు?

నా ఫోన్ నుంచి అమ్మకి "హలో" పెట్టా. రెండు టిక్కులు. ఫోన్ మోగింది. స్క్రీన్ ఆపేసి పది నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టా. రెండు టిక్కులు. అప్పుడు కింది నుంచి పైకి లాగి, క్రాస్ నొక్కి, మళ్ళీ "హలో" పెట్టా.

ఒకే టిక్కు.

పావుగంట చూశా. కింద గల్లీలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, బంతి రెండుసార్లు మా మేడ మీద పడింది. ఒకే టిక్కు. అమ్మ ఫోన్‌లో వాట్సాప్ తెరిచా, రెండయ్యాయి. నా ఫోన్‌లో అదే పని చేసి చూశా. అన్నీ తుడిచేసినా మెసేజ్ వచ్చింది. నాది దాదాపు శుద్ధమైన ఆండ్రాయిడ్.

తేడా ఇక్కడుంది. గూగుల్ పద్ధతిలో ప్రతి యాప్ మేలుకుని కాపలా కాయక్కర్లేదు. గూగుల్ ప్లే సర్వీసెస్ ఒక్కటే సర్వర్‌తో ఒక కనెక్షన్ పట్టుకుని ఉంటుంది, మెసేజ్ వస్తే సంబంధిత యాప్‌ని తట్టి లేపుతుంది. రీసెంట్స్ లోంచి యాప్‌ని తోసేసినా, తట్టే హక్కు పోదు. కానీ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఫోర్స్ స్టాప్ కొడితే మాత్రం పోతుంది, మనిషి మళ్ళీ చేత్తో తెరిచేదాకా ఆ యాప్ లేవదు. కొన్ని కంపెనీల చర్మాల్లో ఆ క్రాస్ గుర్తు చేసేది దాదాపు ఈ రెండో పని. ఆటోస్టార్ట్ అని ఇంకో స్విచ్ కూడా ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే యాప్ తనంతట తాను లేవడానికి వీల్లేదు.

వాళ్ళు ఇలా ఎందుకు చేశారా అని వెతికితే కారణం కూడా న్యాయంగానే ఉంది. ఈ చర్మాల్లో చాలావరకు పుట్టింది చైనాలో. అక్కడి ఫోన్లలో గూగుల్ సర్వీసులు ఉండవు. కాబట్టి తట్టి లేపే ఆ ఒక్క కాపలావాడు లేడు. ప్రతి యాప్ తన సొంత కాపలావాడిని పెట్టుకుంటుంది, ఒక యాప్ ఇంకో యాప్‌ని కూడా లేపుతుంది. అలా ఇరవై యాప్‌లు రాత్రంతా మేలుకుంటే తెల్లారేసరికి బ్యాటరీ ఉండదు. దాంతో ఫోన్ కంపెనీలు కర్ర పట్టుకుని అందర్నీ పడుకోబెట్టే పద్ధతి కనిపెట్టాయి. ఆ కర్ర అక్కడ అవసరమే. అదే ఇంటర్‌ఫేస్ ఇక్కడికొచ్చాక, కాపలావాడు ఉన్నా కూడా కర్ర ఆగలేదు. డెవలపర్లకి ఇది ఎంత తలనొప్పంటే, ఏ కంపెనీ ఫోన్ ఎలా యాప్‌లని చంపుతుందో, దాన్ని ఆపడానికి ఎక్కడెక్కడ నొక్కాలో చెప్పడానికే "డోంట్ కిల్ మై యాప్" అని ఒక వెబ్‌సైట్ నడుపుతున్నారు.

సరే, ఇంత కారణం కనిపెట్టాక నాకు మొదట కలిగింది సంతోషమే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా. బగ్ దొరికింది కదా. ఆటోస్టార్ట్ ఆన్ చేశా. బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" పెట్టా. రీసెంట్స్‌లో వాట్సాప్‌ని నొక్కిపట్టి తాళం గుర్తు వేశా, ఇక క్రాస్ నొక్కినా అది పోదు. టెస్ట్ చేశా. రెండు టిక్కులు. కిందికి దిగి అమ్మకి ఫోన్ ఇచ్చి, "ఏదో సెట్టింగ్ ప్రాబ్లం అమ్మా, సరిచేశా" అన్నా.

"నేను ఒత్తిందేనా?"

"అదీ... అట్లాంటిదే."

ఇది నేను అన్న మాట. మార్చి రాయొచ్చు, కానీ అన్నది ఇదే.

తర్వాతి రెండు రోజులు అమ్మని చూస్తే నాకు అన్నం దిగలేదు. ప్రతి ఐదు నిమిషాలకి ఫోన్ తెరిచి చూస్తోంది. పప్పు పోపు పెడుతూ చూస్తోంది. గంజి వారుస్తూ చూస్తోంది. స్క్రీన్ మీద పసుపు వేలిముద్రలు. ఫోన్ మోగితే వస్తుందనే నమ్మకం పోయింది ఆమెకి. నేను సరిచేశానని చెప్పినా సరే, తన చెయ్యి మళ్ళీ ఏదో ఒత్తుతుందేమోనని భయం. రాత్రి గట్టు తుడిచాక ఫోన్ తీసుకుంది, కింది నుంచి పైకి లాగబోయి ఆగిపోయింది. క్రాస్ నొక్కకుండానే పక్కన పెట్టేసింది. అది చూశాక తెలిసింది, తను కూడా ఎక్కడో ఆ క్రాస్ గుర్తునే అనుమానిస్తోంది. కానీ అది నేర్పింది కొడుకు, ఇంజనీరింగ్ చదివే కొడుకు. కాబట్టి తప్పు తనదే అయ్యుండాలి.

మంగళవారం రాత్రి చెప్పేశా. ఆలుగడ్డలు కొయ్యడానికి ఆమె ముందు కూర్చుని, మొహం చూడకుండా చెప్పా.

"అమ్మా, నువ్వేం తప్పు ఒత్తలేదు. అన్నీ తుడిచెయ్యమని నేను చెప్పా కదా, దాని వల్లే మెసేజ్ రాలేదు. ఈ ఫోన్‌లో అలా చెయ్యకూడదు. నాకు తెలీక చెప్పా."

అమ్మ ఉల్లిపాయ పొట్టు తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"అంటే నువ్వు చెప్పినట్టు చేస్తేనే అట్లయింది."

"అవును."

"ఆదివారం నాడే ఎరుకనా నీకు?"

"...ఎరుకే."

కాసేపు ఏమీ అనలేదు. నేను ఒక ఆలుగడ్డ సగమే కోసి కూర్చున్నా. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని చూస్తున్నా.

"ముక్కలు సన్నగ కొయ్యి," అంది. "గింత లావుంటే ఏగయ్."

అంతే. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కానీ మర్నాడు పొద్దున నాకు టీ ఇస్తూ ఫోన్ కూడా చేతిలో పెట్టి, "తాళం ఎట్ల ఏస్తరో నాకు చూపియ్. నువ్వు ఎయ్యకు, నేను ఏస్త," అంది. నొక్కిపట్టడం మొదట కుదరలేదు, వేలు త్వరగా తీసేస్తోంది. నాలుగోసారికి తాళం పడింది. తర్వాత ఆమే ఇంకోటి అడిగింది: "డబ్బులదానికి గుడ వెయ్యాల్నా?" నాకు ఆలోచన రాలేదు అప్పటిదాకా. డబ్బు పడ్డ నోటిఫికేషన్ కూడా అదే దారిలో వస్తుంది మరి. దానికీ వేసింది.

ఇంకో రెండు వారాల తర్వాత ఒక సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ పక్కింటి పెద్దమ్మతో మాట్లాడుతోంది. పెద్దమ్మకి కూడా కొడుకు కొత్త ఫోన్ కొనిచ్చాడు. ఇద్దరి తలలూ ఒక స్క్రీన్ మీద వంగి ఉన్నాయి.

"అన్నీ తుడువు, ఏం గాదు," అంటోంది అమ్మ. "ఇగో గీ రెండు మాత్రం తుడువద్దు. పొయ్యి మీద పాలు పెట్టి గట్టు తుడుస్తమా, పాలగిన్నె గుడ తీసి కడుగుతమా? గట్లనే."

ఈ సెమిస్టర్‌లో ప్రాసెస్ మేనేజ్‌మెంట్ చెప్పేటప్పుడు మా సార్ బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్‌కి ఇచ్చిన ఉదాహరణ నాకు గుర్తులేదు. ఇది గుర్తుంది.

ఆ ముప్పై రెండు ప్యాకెట్ల అన్న రోజూ కూర కోసం వస్తూనే ఉన్నాడు. పెద్ద ఆర్డర్లు మాత్రం చాలా రోజులు ఇవ్వలేదు, నేను అడగలేదు, అమ్మా అడగలేదు. సంక్రాంతి సెలవుల ముందు ఒక శనివారం రాత్రి వాయిస్ మెసేజ్ వచ్చింది: "అక్కా, రేపు పద్దెనిమిది." అమ్మ మెసేజ్ వినగానే తిరిగి కాల్ చేసింది. విన్నానని చెప్పడానికే. అవతల ఆయన నవ్వుతూ, "రెండు టిక్కులు పడ్డయ్ అక్కా, చూసిన" అన్నాడట.

నిన్న రాత్రి ఫోన్‌లో సిస్టమ్ అప్‌డేట్ అని వచ్చింది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్, ఇంటర్‌ఫేస్ కొత్త వెర్షన్, మూడు జీబీలకి పైనే. కొత్త ఐకాన్లు, కొత్త కంట్రోల్ సెంటర్, ఇంకా ఏమేమి మారతాయో దాంట్లో పెద్ద లిస్టు ఉంది. తాళాలు ఉంటాయో పోతాయో దాంట్లో లేదు. అమ్మ ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒత్తాల్నా?"

"ఒత్తొచ్చమ్మా. సెక్యూరిటీకి మంచిది."

కాసేపు చూసి, "ఆదివారం గిరాకి అయినంక ఒత్తుదాం," అని వెనక్కి తీసుకుంది. "సోమవారం నువ్వు ఇంట్లనే ఉంటవు గద?"

ఉంటా. సోమవారం నాకు మధ్యాహ్నం ల్యాబ్ ఉంది, బంక్ కొట్టాలి.